నల్ల సాకెట్టుకు పెట్టిన బొట్టు

మునెయ్యది వడమాలపేట. చదివింది ఎనిమిదో తరగతి. తిరుపతిలో ఒక పరిశోధనశాలలో ఇరవై ఆరేళ్లుగా అటెండరు. రెండు గాజుపలకల మధ్య జెల్ పోయడంలో మాత్రం డాక్టరేట్లు చేసినవాళ్లు కూడా ఆయన తర్వాతే. ఒక్క బుడగ ఉండదు. ఆ పల్చటి జెల్‌లో రక్తంలోని ప్రోటీన్లను కరెంటుతో కిందికి తోలితే చిన్నవి ముందు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. అంతవరకు ఆయనా చెప్పగలడు.

ఆయుధపూజ నాడు యంత్రాలన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాడు. కరెంటు పెట్టెకు రెండు సాకెట్లు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఎర్రదానికి పెట్టి కదలబోతుంటే, హారతి పళ్లెం పట్టుకున్న ప్రొఫెసర్ గంగాధరం ఆపాడు.

"ఆ నల్లదానికీ పెట్టప్పా, బోసిగా ఉండాది."

పెద్దాయన మాట! మునెయ్య దట్టంగా అద్దాడు.

సెలవులయ్యాక రూపశ్రీ జెల్ పెట్టింది. పరిశోధనలో చేరి మూడు నెలలైన పిల్ల. ఏర్పేడు దగ్గర రక్తపింజరి కరిచిన ఒక రైతు రక్తం అది, మందు ఎక్కించకముందు తీసింది. మళ్లీ దొరికేది కాదు. అందులో సగం వాడింది. ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి తగిలించబోతే రెండు సాకెట్లూ ఎర్రగానే ఉన్నాయి. అడగడానికి మొహమాటపడి, ఇదే అయ్యుంటుందని తగిలించేసింది. గుర్తు కోసం రక్తంలో కలిపిన నీలిరంగు కిందికి దిగాల్సింది, పైకి లేచి నీళ్లలో కలిసిపోయింది. రైతు రక్తమూ దాంతోనే పోయింది.

"తీగలు తారుమారు చేసినాను సార్" అని తనే ఒప్పుకుంది. గంగాధరం మండిపడ్డాడు. మిగిలిన సగం సీనియర్ గిరిప్రసాద్ చేస్తాడనీ, ఆమె ఇక జెల్ ముట్టొద్దనీ తేల్చేశాడు.

తడిగుడ్డతో పెట్టె తుడవబోయిన మునెయ్యకు విషయం అర్థమైంది. ఒక్క తుడుపుతో పోతుంది, ఎవరికీ తెలియదు. రిటైరు కావడానికి నాలుగు నెలలే ఉంది. కానీ వరండాలో పిల్ల ముక్కు ఎగబీలుస్తుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది. గుడ్డ పక్కన పడేశాడు. గంట తర్వాత ఆ పెట్టెను అలాగే ఎత్తుకెళ్లి ప్రొఫెసర్ బల్లమీద పెట్టాడు.

"ఈ బొట్టు నేను పెట్టిందే సార్. రెండూ ఎర్రగుంటే పాపకేం తెలుస్తాది?"

ఎవరు పెట్టమన్నారో చెప్పలేదు. గంగాధరం జేబురుమాలు తీసి, ఆ కుంకుమ తనే తుడిచాడు.

"రూపశ్రీని పిలువప్పా. మిగిలింది ఆ యమ్మే చేస్తాది. నువ్వు పోయి జెల్ పొయ్యి."

"పోసే వచ్చినాను సార్" అన్నాడు మునెయ్య.