గఫ్సాలో సదస్సు

మత్తు నివారణ మీద ఏటా జరిగే సదస్సును ఈసారి గఫ్సాలో పెడదామని ముంజియా అనగానే రాజధాని ట్యూనిస్‌లోని కమిటీ గదిలో అందరూ ఘొల్లున నవ్వారు.

"ఆ ఫాస్ఫేట్ గనుల దుమ్ములోకి ఎవరొస్తారమ్మా?" అన్నారు ప్రొఫెసర్ ఖమీస్. ఆమెకు మనస్తత్వ శాస్త్రం చెప్పిన గురువే ఆయన.

"మత్తు మాత్రలు మింగే పిల్లలు అక్కడున్నారు సార్. వాళ్ళ గురించి ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటే ఏం లాభం?"

ముంజియా గని కార్మికుడి కూతురు. చదువు అయ్యాక రాజధానిలో ఉద్యోగం వచ్చినా వద్దనుకుని, సొంత ఊరు గఫ్సా బడుల్లో కౌన్సిలర్‌గా చేరింది. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. కమిటీని ఒప్పించింది, పెళ్ళిళ్ళ హాలు మాట్లాడింది. భోజనానికి కుస్కుస్ మేం వండుతామని బడి పిల్లల తల్లులు ముందుకొచ్చారు.

తీరా సదస్సు రోజు పొద్దున్నే ఖమీస్ నుంచి ఫోన్. "ఊరి బయట రోడ్డుకి అడ్డంగా రాళ్ళు పెట్టారు. టైర్లు కాలుస్తున్నారు. మేం వెనక్కి పోతున్నాం."

"ఒక్క పావుగంట ఆగండి సార్!" అంటూ ముంజియా కారెక్కింది.

గనిలో ఉద్యోగాలివ్వాలని రోడ్డెక్కిన కుర్రాళ్ళు వాళ్ళు. ముందున్న నౌఫల్ ఆమెను చూసి తెల్లబోయాడు. బడి రోజుల్లో అతని చేత మాత్రలు మాన్పించింది ఆమే.

"మీరా మేడమ్? ఈ వచ్చినవాళ్ళు మంత్రి మనుషులు కాదా?"

"మంత్రీ లేడు, గింత్రీ లేడు. డాక్టర్లురా. మీ తమ్ముళ్ళు మత్తులో పడకుండా ఏం చెయ్యాలో మాట్లాడుకోవడానికొచ్చారు."

"మమ్మల్ని బయటుంచి మా గురించి మాట్లాడతారా?"

"లోపలికి రండి, ఎవరొద్దన్నారు?"

"ఉద్యోగాల మాట ఎత్తనిస్తారా?"

"మొదటి మాట మీదే. ముందా రాళ్ళు తియ్యండి."

కుర్రాళ్ళు కాసేపు వాదులాడుకున్నారు. తర్వాత తలా ఒక చెయ్యి వేశారు.

ముంజియా మాట తప్పలేదు. ఖమీస్ ప్రారంభోపన్యాసాన్ని ఆపి మైకు నౌఫల్‌కిచ్చింది. గురువుగారి ముఖం ఎర్రబడింది.

"మేడమ్ చెప్తే మానేశాం. మరి తర్వాత? చదువైపోయింది, పని లేదు. తెల్లారితే గోడకి ఆనుకుని నిలబడాలి. మాత్రలమ్మేవాడు అక్కడికే వస్తాడు. మీ పరిశోధనలో ఆ గోడ ఉందా?"

ఖమీస్ రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ నౌఫల్ పక్కకు లాక్కున్నారు. ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. బడి వదిలిన కుర్రాళ్ళకు చేతిపని నేర్పితే మత్తు ఎంత తగ్గిందో సూస్ నగరం నుంచి వచ్చిన పరిశోధకురాలు వివరించింది. భోజనాల్లోనూ అదే చర్చ.

సాయంత్రానికి తీర్మానం అయింది: గఫ్సాలో శిక్షణ కేంద్రం పెట్టాలి, దాన్ని నడిపే సంఘంలో కుర్రాళ్ళూ ఉండాలి. సూస్ వాళ్ళు పనిముట్లిస్తామన్నారు. తీర్మానం చదవమని ఖమీస్ స్వయంగా ముంజియాను వేదిక మీదికి పిలిచారు.

ఆమె చివరి వాక్యం పూర్తిచేసేలోపే వంటశాలలోంచి తల్లులు పరుగున వచ్చి, పెళ్ళికూతుర్ని చూసినప్పుడు చేసినట్టు నాలుక ఆడిస్తూ గొంతెత్తి శుభకేకలు పెట్టారు. నౌఫల్ బల్లనే డప్పు చేసి వాయించాడు. కళ్ళు తుడుచుకుంటూ ముంజియా పకపకా నవ్వేసింది.