చెట్టుకో పేరు

మొన్న చాట్రాయి వెళ్లే బస్సులో కూర్చుంటే ముందు పోతున్న లారీ నిండా మామిడి మొద్దులు కనిపించాయి, చివరి మొద్దుకి అరచేయంత రేకు ముక్క ఇంకా మేకుతో అంటుకునే ఉంది. పేరు చెరిగిపోయింది గానీ ఆ నీలం రంగును నేను మరిచిపోతానా? మా తోటలో బావి పక్క వరస చెట్ల రేకులకి ఆ రంగు వేయించింది నేనే.

మా అన్నయ్యకి నూజివీడులో మామిడికాయల కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్ద మాటే, ఒక షెడ్డు, ఒక ఫోను, ఆ ఫోనెత్తడానికి నేను. సొంత తోట కాక చుట్టుపక్కల తోటల కాపుని కూడా అన్నయ్య పూత మీదే కొనేవాడు. ఒక తోట ముంచితే ఇంకో తోట తేల్చేది, లారీ ఎక్కిన కాయ ఏ చెట్టుదని అడిగిన పుణ్యాత్ముడు లేడు. లాభం గొప్పగా లేదు, అలాగని రోడ్డున పడిందీ లేదు. ఏటా వడ్డీలు కట్టి, దళారులకు దణ్ణాలు పెట్టి విసిగిపోయిన అన్నయ్య, ఎక్కడ విన్నాడో గానీ, తోటలు కొనడం మానేసి మా చెట్లనే ఏడాదికి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. హైదరాబాదు వాళ్లు ముందే డబ్బు కడతారు, చెట్టుకి వాళ్ల పిల్లల పేరుతో రేకు కొడతాం, కాసిన రసాలన్నీ వాళ్లింటికే పంపుతాం. ఇన్నాళ్లూ ఎంత తెలివితక్కువ వ్యాపారం చేశామో అని అన్నయ్య నవ్వుతుంటే వదిన దిష్టి కూడా తీసింది.

మొదటి ఏడాది చాలా చెట్లు విరగకాశాయి. అంత లాభం కంపెనీ ఎన్నడూ చూడలేదు, అది చూసే బ్యాంకు వాళ్లు తోట తాకట్టు పెట్టుకుని కోల్డ్ స్టోరేజీకి అప్పిచ్చారు. విరగకాసిన మామిడి మరుసటి ఏడు కాయకుండా సేదతీరుతుందని మాకు తెలియదా? తెలిసిన సంగతే కనుక ఎవరమూ తలచుకోలేదు, అంతే. వెనకటి పద్ధతిలో పక్క తోట కాయ ఆ కరువును కప్పేసేది. చెట్టుకో పేరు పెట్టాక ఏ చెట్టు కరువు దానిదే అయింది.

రెండో వేసవిలో ఒక కుటుంబం కారులో వచ్చింది. వాళ్ల పాప చెట్టుకి ఆకులు తప్ప ఏమీ లేవు, పక్క చెట్టేమో కాయలతో నేలకి వంగి ఉంది. చెట్టు స్వభావం గురించి అన్నయ్య ఎంతో ఓపిగ్గా చెబితే, "అదేదో డబ్బు తీసుకునేటప్పుడే చెప్పాలి కదండీ" అన్నాడా తండ్రి. అందులో తప్పేముంది? ఆ నెలంతా ఫోనులో నేను విన్నది అదే మాట. వేరే తోటల కాయ కొని పంపుదామంటే అవన్నీ అప్పటికే ఇతరుల చేతుల్లోకి వెళ్లిపోయాయి. పుచ్చుకున్న డబ్బు తిరిగిచ్చేసరికి షెడ్డు పోయింది, తోటని బ్యాంకు వేలం వేసింది. కొన్నవాళ్లు ఇన్నేళ్లూ కాపు తిని, ఇప్పుడు కొట్టించి పామాయిల్ వేస్తున్నారు.

చెప్పకూడదనుకుంటూనే, ఉండబట్టలేక అన్నయ్యకి లారీ సంగతి చెప్పాను. రేకు ఏ రంగుదే అని అడిగాడు. నీలం అన్నాను.

"బావి పక్కదా. దానికిది కాసే ఏడే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఈ ఏడు కాయకపోతే వచ్చే ఏడు కాస్తుందిలే అని మన తరం వాళ్లం ఎంత సులువుగా అనేవాళ్లం. ఇప్పుడా మాట అనుకోవడానికి మా తోటలో ఒక్క చెట్టూ లేదు.