పెద్ద సారు దగ్గర మూడు నెలలు

పెద్ద సారు పోయారని మొన్న పొద్దున అక్కడి దవాఖానలో పనిచేసిన పాత నర్సమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు ఓపీలో ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఏమైందమ్మా అంటే, మా సారు పోయారన్నాను.

పీజీ చదువులో భాగంగా మూడు నెలలు జిల్లాలో పనిచేయాలని నన్ను నారాయణఖేడ్ వైపు ఒక దవాఖానకు పంపారు. అక్కడి పెద్ద డాక్టరే సారు. అంతా నాకే తెలుసనుకునే వయసు. జనం మాత్రం నన్ను దాటుకుని సారు గదికే వెళ్లేవారు. "చిన్న డాక్టరమ్మ మూడు నెల్లకు పోతది, సారు ఉంటడు" అని మొహం మీదే చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది.

"నిజమే గద. నువ్వు నేర్చుకునేది ఆళ్ల మీదనే. భయం ఉండదా?" అని సారు నవ్వేవారు.

మందుల చీటీ రాసే ముందు రోగి పనీ తిండీ అడిగి తెలుసుకోవాలని సారు పట్టు. బయట ఎంత వరుస ఉన్నా తీరిగ్గా అడిగేవారు. నాకది చాదస్తంగా కనిపించేది.

కంది కోతలప్పుడు నాగల్‌గిద్ద నుంచి వచ్చిన ఒకామెకు షుగర్ గోలీ పొద్దున టిఫిన్‌కు ముందు వేసుకోమని రాశాను. కోతలకు పోయే మనిషికి టిఫిన్ ఎక్కడిది? ఆమె మూట విప్పి రొట్టె తినేసరికి మధ్యాహ్నమయ్యేది. ఖాళీ కడుపున గోలీ పడి షుగర్ దిగిపోయి, మూడో రోజు చేనులోనే పడిపోయింది. ఆటోలో తెచ్చేసరికి పిలిస్తే పలకడం లేదు. సారు గ్లూకోజ్ ఎక్కిస్తుంటే నేను సీసా పట్టుకుని నిలబడ్డాను. ఈమె బతకకపోతే చంపింది నేనే అనుకున్నాను.

"ఎవరు రాసిండ్రు గీ గోలి?" అని ఆమె కొడుకు మీదికొచ్చాడు.

నేను నోరు తెరిచేలోగా సారే అన్నారు: "నేను సూడాలె, సూడలే. తప్పు నాది."

కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. నేను వెళ్లిపోతానని సారుతో చెప్పాను.

"పో. ఇంకో ఊర్ల గిట్లనే రాస్తవు. ఈడ నేర్చుకొని పో" అన్నారు. అంత మెత్తగా నన్నెవరూ తిట్టలేదు.

ఆమెను ఇంటికి పంపే రోజు చీటీ పట్టుకుని సారు ముందు కూర్చుంది. నా వైపు చూడనైనా లేదు. "డాక్టరమ్మకు సూపియ్యి, నేను చాయ్ తాగొస్త" అని సారు లేచిపోయారు. ఆయన చాయ్ తాగి అప్పటికి పది నిమిషాలైనా కాలేదు. ఆమె ఖాళీ కుర్చీని చూసింది, నన్ను చూసింది. చివరికి చీటీ నా వైపు జరిపింది.

"ఈసారి అడిగి రాయి బిడ్డా" అంది.

ఎన్నింటికి లేస్తావు, ఏం తింటావు అని అడుగుతూ పోయాను. ఆమె చెబుతూ పోయింది. తలుపు అవతల సారు, చాయ్ లేదు ఏమీ లేదు, చేతులు కట్టుకుని వింటూ నిలబడి ఉన్నారు.