వేపపువ్వు బీరు

హైదరాబాదులో క్రాఫ్ట్ బీరు రుచి మరిగినవాణ్ణి. ఉద్యోగానికి వచ్చిన కువైట్‌లో మద్యం నిషేధం. సరే, మత్తు లేని బీరే ఇంట్లో చేస్తానని పట్టుబట్టాను.

సాల్మియాలో మా ఫ్లాట్ బాల్కనీలో బీరుకని ఆరబెట్టిన బార్లీ మొలకలు దుమ్ముగాలికి మట్టిపాలయ్యాయి. దుమ్ముకు జడిసి మానేస్తానా! ఈసారి వంటింట్లోనే ఆరబెట్టాను. చేదు కోసం మా ఆవిడ దాచిన ఎండు వేపపువ్వు వేసి మరిగించి, చల్లార్చి, సోడా కలిపాను.

"ఇది బీరు కాదండీ, కషాయం!" అని ఆవిడ ఉమ్మేసింది.

పువ్వు తగ్గిస్తూ మళ్లీ మళ్లీ కాచాను.

ఉగాది పొద్దున పచ్చడి కలపబోతే డబ్బాలో ఒక్క వేపపువ్వూ లేదు. ఆవిడ నన్ను ఉరిమి చూసింది. ఫ్రిజ్‌లోంచి నా బీరు సీసా తీసి, పచ్చడి గిన్నెలో కాస్త ఒంపి, నాలుకకు రాసుకుంది.

"చేదు సరిపోయింది," అంది.