సరాయి తలుపుకు అడ్డంగా

జనగామ స్టేషన్ దగ్గర, ఒకప్పుడు బాటసారులు దిగిన పాత సరాయిలో గుల్షన్ బేగం బొంతలు కుట్టేది. ఆమె దూది పరుస్తుంటే నూగు ఎగిరి వెలుతురులో ఆగిపోయేది. ఎండ కూడా ఆ గదిలో కాసేపు కూర్చుని పోయేది. ఏటా వానలకు ముందు సరాయిలో కాపురముండే వాళ్లంతా మిద్దెక్కి, పగుళ్లలో సున్నం నింపుకునేవాళ్లు.

2011 వానాకాలంలో ఒక కమిటీ వచ్చింది. గోడలు తట్టి చూసి, కమాను ఫొటోలు తీసుకుని, ఇది పట్టణ వారసత్వం, కాపాడాలి అంది. గుల్షన్ సంబరపడి చాయ్ పోసింది. చాయ్ తాగాక అసలు మాట చెప్పారు. అందరూ ఖాళీ చేయాలట.

"మేం పోతే ఇండ్ల ఎవరుంటరు సార్?"

"ఎవరూ ఉండరమ్మా. మనుషులుంటే పాడవుతుంది. తాళం వేసి భద్రంగా ఉంచుతాం."

"మరి మిద్దె కురిస్తే?"

"నిధులొచ్చాక చూస్తాం."

"మనిషిని బతికిస్తమని ముక్కు మూసినట్టున్నది గిది."

పక్క గదిలో కిరాణం నడిపే లక్ష్మీనారాయణ మెత్తబడ్డాడు. "గుల్షనక్కా, కొత్త మార్కెట్ల జాగలిస్తరట. జర ఆలోచించు."

"నువ్వు పో సేటూ. నీ తరాజు యాడ వెట్టినా తూగుతది. నేనైతే పోను."

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. ఊరు ఊరంతా రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తోంది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, కమిటీ పంపిన జగపతి తాళం పట్టుకుని సరాయి పెద్ద తలుపు దగ్గర నిలబడ్డాడు. గుల్షన్ పొయ్యి తెచ్చి గడప మధ్యలో పెట్టింది.

"రోడ్డు మీద వండేది గడపల వెట్టినవేంది పెద్దమ్మా?"

"మా రాష్ట్రం మాగ్గావాలని రోడ్డు మీద వండినం. మా గడప మాగ్గావాలని ఈడ వండుతున్నం. నీక్కూడ పెడ్త బేటా, తాళం పక్కకు వెట్టి కూసో."

అందరికంటే ముందు పళ్లెం పట్టుకొచ్చింది లక్ష్మీనారాయణే. ఒక ముద్ద తిని, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"సమ్మెల ఉప్పేడ దొరుకుతది? నీ దుకాణం తెరువు!"

అందరూ నవ్వారు, జగపతి తప్ప. "రేపు పోలీసులతోని వస్త" అన్నాడు.

"తోలుకరా. రైల్ రోకో కాడ వాళ్లకు తీరితే."

ఆ సాయంత్రమే ఆమె తన మంచం తెచ్చి గడపకు అడ్డంగా వేసింది. తలుపు రెక్క కదలాలంటే ముందు ఆమె కదలాలి. పోలీసులు వచ్చారు, చూశారు, పోయారు. కమిటీ కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఆమె అక్కడే కూర్చుని బొంతలు కుట్టింది.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా గులాల్ ఎగిరింది. ఊరేగింపుకు రమ్మని ఆడవాళ్లు చేయి పట్టి లాగారు.

"మీరు పోయి ఆడుండ్రి" అంది గుల్షన్, సూదిలో దారం ఎక్కిస్తూ. "మీ కొట్లాట వొడిసింది. నాది ఇంక వొడువలే."