వరలక్ష్మి గారు, తడిసిన విత్తనాలు

మొన్నటి ముసురుకు మా మెట్ల కింద పడేసిన గోనెసంచి తడిసింది. ఎండలో వేద్దామని తీసి దులిపితే వెచ్చగా, కొంచెం పుల్లగా ఒక వాసన వచ్చింది. పిట్టలకు వేయడానికి తెచ్చిన వడ్లు కొన్ని అడుగున మిగిలిపోయి తెల్లగా మొలకలు వేశాయి. మా ఇంట్లో వాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం ఆ సంచి పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు వరలక్ష్మి గారు గుర్తొస్తారు. ఆవిడను ఎరిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇప్పుడు పెద్దగా లేరు. కనుక ఎరగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

తొంభైల తొలి సంవత్సరాల్లో నేను శంషాబాదు అవతల ఒక విత్తనాల గోదాములో స్టోర్‌కీపరుగా ఉండేవాణ్ణి. ఇప్పుడు విమానాలు తల మీదుగా దిగే చోట అప్పుడు ద్రాక్ష పందిళ్లు, కుంటల కింద వరిమళ్లు ఉండేవి. మా గోదాముకు కొంచెం ఎగువన కూడా ఒక కుంట ఉండేది. వరలక్ష్మి గారు అక్కడికి ఇన్‌చార్జిగా వచ్చారు. ఆవిడది సముద్రం ఒడ్డు పల్లె. బుద్వేల్‌లో ఒక చిన్న పోర్షన్ కిరాయికి తీసుకుని, రోజూ బస్సు మారి వచ్చేవారు. నాకు డైరీ రాసే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆవిడ చేరిన రోజు రాసుకున్నది ఒక్క వాక్యమే: కొత్త మేడం కుర్చీలో కూర్చోకముందే గోదాము కప్పు చూశారు.

ఎందుకు చూశారో తర్వాత ఒకరోజు అన్నాలు తింటున్నప్పుడు చెప్పారు. ఆవిడ చిన్నతనంలో వాళ్ల ఊరికి పెద్ద తుఫాను వచ్చిందట. ఇంటి తాటాకు కప్పు గాలికి లేచిపోతే వాళ్ల నాన్న పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, తడిసిన దుప్పటి కప్పి, తెల్లవారేదాకా ఆ దుప్పటి అంచులు వదల్లేదట. "అప్పట్నుంచి నాకు గోడలంటే నమ్మకమేనండి, కప్పంటేనే లేదు" అని నవ్వారు. ఆ నవ్వు చూసి నేను దాన్ని ఒక ముచ్చటగానే విన్నాను.

ఆ ఏడు ఆషాఢంలో రేడియోలో వాయుగుండం వార్త వచ్చింది. మాకది కొత్త కాదు. సముద్రం మీద ఎక్కడో వాయుగుండం పడితే మా దగ్గర నాలుగు చినుకులు రాలతాయి, అంతే అనుకునేవాళ్లం. ఆవిడ మాత్రం పొద్దున రాగానే చీర కొంగు బిగించారు. మా గోదాములో రెండు భాగాలుండేవి. ముందు భాగం లారీ ఎత్తున కట్టిన అరుగు, దానికి రేకుల కప్పు. వెనక భాగం నేలమట్టపు గది, దానికి స్లాబు. వరి విత్తనాల బస్తాలు అరుగు మీద ఉండేవి. గాలికి రేకులు లేస్తే విత్తనం మొత్తం వానపాలవుతుందని, బస్తాలన్నీ స్లాబు కిందికి దించమన్నారు. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. హమాలీలు, నేను, ఆవిడ కూడా చేయి వేసి సాయంత్రానికల్లా దించేశాం. రేకుల మీద రాళ్లు పెట్టించి, తాళ్లతో కట్టించారు.

గాలి రాలేదు. వాన వచ్చింది. రాత్రంతా కురిసి మర్నాడూ ఆగలేదు. హిమాయత్‌సాగర్ చెరువు గేట్లు ఎత్తుతున్నారని పక్క ఊరు కొత్వాల్‌గూడ మనుషులు సామాన్లు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కారు. బస్సులు లేవు. మూడోరోజు పొద్దున వాన తెరిపిచ్చాక నేను సైకిలు మీద, ఆవిడ ఒక ట్రాక్టరు పట్టుకుని గోదాముకు చేరాం. రేకుల కప్పు చెక్కుచెదరలేదు. అరుగు పొడిగా ఉంది. వెనక గదిలో మోకాలి లోతు నీళ్లు; తొందరలో రెండేసి వరసలుగానే పేర్చిన బస్తాలన్నీ అందులో మునిగి ఉన్నాయి.

కారణం వెతకనక్కర్లేకపోయింది. కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు దగ్గర ఎవరో ప్లాట్లు వేసి, హద్దురాళ్లు పాతి, మట్టి పోశారు. దారి లేని నీళ్లు మా గోడ పక్కనుంచి దారి చేసుకున్నాయి. నేను అక్కడే పుట్టి పెరిగాను. ఆ మట్టి కుప్పల పక్కనుంచే రోజూ సైకిలు తొక్కాను. అలుగు పూడిందన్న సంగతి నాకూ తట్టలేదు.

అంతకంటే పెద్ద కష్టం ఊళ్లలో ఉంది. రైతులు అప్పుడే పోసుకున్న నారుమళ్లు కొట్టుకుపోయాయి. మళ్లీ నారు పోయాలంటే ఆ వారంలోనే పోయాలి, లేకపోతే ఆ పంట కాలం పోయినట్టే. చుట్టుపక్కల విత్తనం ఉన్నది మా దగ్గరే. అది నీళ్లలో ఉంది.

మధ్యాహ్నానికి నీళ్లు తోడి, బస్తాలను అరుగు మీదికి లాగించాం. ఆరబెడదామంటే ఎండ లేదు. వరలక్ష్మి గారు ఒక బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చేయి పెట్టి, అలాగే ఉండిపోయారు.

"లోపల వేడిగా ఉంది, యాదయ్య గారూ."

ముక్కిపోతున్నాయేమో అన్నాను. ఆవిడ గింజలు తీసి వాసన చూశారు. తర్వాత నన్నొక ప్రశ్న అడిగారు. మీ ఇంట్లో నారు పోసేముందు వడ్లు ఎంతసేపు నానబెడతారు?

"ఒక పగలు, ఒక రాత్రి. తర్వాత నీళ్లు వంచేసి, గోనెలో మండె కడతాం. మొలక రాగానే చల్లుతాం."

"మరి ఇవి ఎంతసేపు నానాయి?"

నేను వేళ్ల మీద లెక్క కట్టాను. నీళ్లు గదిలోకి వచ్చింది కిందటి రోజే. రైతు ఇంట్లో చేసుకోవలసిన పని సగం వాన చేసి పెట్టింది. ఆరబెడితే ఆ విత్తనం చచ్చిపోతుంది. కడిగి వెంటనే మండె కడితే బతకవచ్చు. అయితే బస్తా బస్తాకూ పై ఆఫీసు అనుమతి తెచ్చుకునే వ్యవధి లేదు. ఫోను లైను పనిచేయడం లేదు. ఆవిడ కాగితం మీద జరిగింది రాసి, కింద తన సంతకం ఒక్కటే పెట్టారు. నేనూ పెడతానంటే వద్దన్నారు. నన్ను ఊళ్లలోకి కబురు పంపమన్నారు.

సాయంత్రానికి అరుగు ముందు మనుషులు నిండారు. నేను వానను, కుంటను, ప్లాట్లవాళ్లను ముందు పెట్టి మాట్లాడదామనుకున్నాను. ఆవిడ నన్ను ఆపి అరుగు అంచుకు వచ్చారు.

"విత్తనం పైన పొడిగా ఉండేది. కప్పు ఎగిరిపోతుందని కిందికి దింపించింది నేనే. నా పొరపాటు. ఇప్పుడు ఇది తడిసిన విత్తనం. మంచి నీళ్లతో కడిగి ఈ రోజే మండె కడితే మొలుస్తుందని నా నమ్మకం. అన్నీ మొలుస్తాయని మాత్రం చెప్పలేను. తీసుకునేది మీ ఇష్టం."

ఒక అధికారి నోట ఆ మాట వినడం వాళ్లకు అలవాటు లేదు, నాకూ లేదు. ముందుగా కొత్వాల్‌గూడ రైతు అంజయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన మాట కొంచెం కారంగానే ఉండేది.

"మీరు సముద్రం కోసం మీదికి చూసిన్రు మేడం. మా కుంట నీళ్లేమో కిందికెల్లి వచ్చినయి. జర మమ్ముల గిట్ల అడిగితే చెప్పకపోతుమా?"

"అడగలేదు అంజయ్య గారూ. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేద్దాం?"

ఆయన నవ్వలేదు. బస్తాలో చేయి పెట్టి చూశాడు. వెనక్కి తిరిగి బాలమణి అనే ఆమెను పిలిచాడు. ఆమె నారుమడి మొత్తం పోయింది. ఆమె కూడా గింజలు నలిపి చూసి, "నా తాన ఇంకేమున్నది పోనీకి? నాకు రెండు ఎత్తున్రి" అంది. ఆ తర్వాత అందరూ కదిలారు. గోదాము పక్క బావి దగ్గర వరస కట్టి అక్కడికక్కడే కడగడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు జల్లెడలు, తట్టలు తెచ్చారు. వరలక్ష్మి గారు బురదలో చెప్పులు పోగొట్టుకుని వట్టి కాళ్లతో నీళ్లు పోశారు. అంజయ్య ఆవిడను చూసి, మా ఇంట్ల కోడలు గూడ గింత పని జేయదని అన్నాడు. వాళ్ల కోడలు అక్కడే ఉంది. ఆమె వెంటనే, "నీ కొడుకును అడుగు, ఎవరు జేస్తరో" అంది. ఆ మూడు రోజుల్లో మేం నవ్వింది అప్పుడే.

తర్వాతి రెండు రోజులు ఆవిడ అన్నం సరిగా తినలేదు. రైతుల దగ్గరికి పోయి అడుగుదామని నేనంటే, అడిగి వాళ్లను తొందరపెట్టవద్దన్నారు. ఆఖరికి అంజయ్యే వచ్చి బల్ల మీద తువ్వాల మూట విప్పాడు. గింజ గింజకూ ముల్లులా తెల్లటి మొలక ఉంది. "లేసినయి మేడం" అన్నాడు. అడుగున బురదలో ఉండిపోయిన బస్తాలు మాత్రం కుళ్లిపోయాయి. అవి తీసుకున్నవాళ్లకు, విత్తనం మొలిచినవాళ్లు తమ మండెలో నుంచి తలా కొంత పంచి ఇచ్చారు. బాలమణి మడి ముందుగా పచ్చబడింది. ఆ ఏడు మా వైపు నాట్లు ఆలస్యంగానైనా పడ్డాయి.

పై ఆఫీసు నుంచి ఆవిడకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఆవిడ రైతులకు చెప్పిన మాటే అందులోనూ రాశారు. ఆ మాట అక్కడికెళ్లి మెత్తబడలేదు. వానలు తగ్గగానే అంజయ్యను, ఇంకొందరిని వెంటబెట్టుకుని కుంట గట్టంతా నడిచి, ఎక్కడ ఏం పూడిందో వాళ్లనే అడిగి, పంచాయతీతో పోట్లాడి అలుగు తవ్వించారు. మరుసటి సంవత్సరం ఆవిడకు బదిలీ అయింది. వెళ్లేముందు నాకేమైనా చెబుతారేమో అనుకున్నాను. వానాకాలం ముందు గట్టు నడవడం మానవద్దని మాత్రం అన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను మానలేదు.

ఆ కుంట ఇప్పుడు లేదు. నేనున్న కాలనీ కూడా అలాంటి చోటే లేచింది. ఈ మధ్య వానలకు కింది వరస ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కమిటీ మీటింగు పెడితే, కాలువ ఎవరు పూడ్చారనే దాని మీదే గొడవంతా. ప్రతి ఒక్కరూ పక్క ఇంటి వైపు వేలు చూపించారు. నేను లేచి, నా కారు ఎక్కించే ర్యాంపు కూడా కాలువ మీదికే వచ్చిందని, రేపు పొద్దున కొట్టిస్తున్నానని చెప్పాను. గది కాస్త సద్దుమణిగింది. పొద్దున కూలి మనిషి సమ్మెట ఎత్తుతుంటే ఎదురింటాయన గేటు తీసుకుని బయటికి వచ్చాడు. కాసేపు చూసి, "మా ర్యాంపు గూడ జూడమని చెప్పు అన్నా, ఇగ ఎట్లగూ వచ్చిండు గద" అన్నాడు.