నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే అక్కడినుంచి లేచిపోయే మనిషిని నేను. నాకు అరవై ఆరేళ్ళు. రాజోలు దగ్గర పుట్టాను. ఇరవై రెండేళ్ళుగా ఫుజైరాలో ఒకే ఇంట్లో పనిచేస్తున్నాను. ఏ రోజు ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఇందులో ఉన్న తేదీలు, వేళలు ఆ పుస్తకంలోవే.

ఆ ఇంటి పెద్దావిడను మామా అనేదాన్ని. ఇక్కడ పనివాళ్ళందరం ఇంటి పెద్దమ్మను అలాగే పిలుస్తాం. ఆవిడకు మోకాళ్ళ వాతం. 2008 నుంచి 2019 దాకా పన్నెండు వేసవులు, ఆవిడ కొడుకు సాలెం మా ఇద్దరినీ చెక్ దేశంలో టెప్లిట్సె అనే చిన్న ఊరికి పంపేవాడు. వెళ్ళిన ప్రతిసారీ మూడు వారాలు.

భూమిలోంచి వేడినీళ్ళు ఉబికే ఊరు అది. వేసవిలో పార్కు బెంచీల మీద గల్ఫ్ వాళ్ళే ఎక్కువ, దుకాణాలకు అరబ్బీ బోర్డులు. కోట ముందు చౌకులో, ప్లేగు నుంచి బయటపడినందుకు మొక్కుగా నిలబెట్టిన రాతిస్తంభం ఉంది. మామా చక్రాల కుర్చీని రోజూ దాని చుట్టూ ఒకసారి తిప్పేదాన్ని. యూదుల ప్రార్థనామందిరం ఉండిన చోట ఇప్పుడు గుర్తుగా ఒక రాయి మాత్రమే ఉంది. 1939లో తగలబెట్టారట. అక్కడ మామా కుర్చీ ఆపించి, తల వంచుకుని కాసేపు కూర్చునేది.

ఆ వేడినీళ్ళను 762లో ఒక పంది కనిపెట్టిందని అక్కడి కథ. అది ఊటలో పడి అరిస్తే కాపరి పరుగెత్తాడట. ఊరు చూపించే గైడు ఆ మాట చెప్పగానే నేను మామా ముఖం చూశాను.

"మామా, స్నానం మానేద్దామా?"

"పంది పోయి పన్నెండు వందల ఏళ్ళు దాటింది సువార్తా. ఈపాటికి నీళ్ళు మారే ఉంటాయి. యల్లా, పద స్నానానికి," అంది.

1755 నవంబరు 1న లిస్బన్‌లో భూకంపం వచ్చిన పూటే ఇక్కడి ఊట బురదెక్కి, ఆగి, ఒక్కసారిగా పొంగిందని కూడా గైడు చెప్పాడు. రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మామా ఆ సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. నేను నమ్మలేదు.

అక్కడి స్నానశాల ఆయాలను మామా ఒంటిమీద చెయ్యి వేయనిచ్చేది కాదు. టబ్బులోకి దించడం, తీయడం, తుడవడం అన్నీ నావే. ముప్పై ఏడు డిగ్రీలు, పదిహేను నిమిషాలు. ఆవిడ కూర్చుంటే నీళ్ళు సరిగ్గా నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగేవి. తర్వాత సాలెం ఇంట్లో కూడా అలాంటి టబ్బే కట్టించాడు. ఆవిడ కూర్చున్నాక పెరుగుతాయని, నాలుగు వేళ్ళు తగ్గించి గోడ పలకల మధ్య గీత దాకా నీళ్ళు నింపేదాన్ని. స్నానం వేళ సాయంత్రం నాలుగు.

2019లో, టెప్లిట్సెలో, టబ్బులో ఉండగానే మామా అంది:

"నేను పోయాక నన్ను కడిగేది మా ఇంటి ఆడవాళ్ళు. నువ్వు క్రైస్తవురాలివి, నిన్ను రానివ్వరు. నువ్వు గుమ్మం బయట నిలబడు. ముక్కూమొహం తెలియని చేతులు నామీద పడనివ్వకు."

"ముందు ఆ కాలు చాపు మామా."

"మాట ఇచ్చాకే చాపుతాను."

ఇచ్చాను.

2020లో విమానాలు ఆగిపోయాయి. మే 28న మామాను కరోనాతో ఆస్పత్రిలో చేర్చారు. ఎవరినీ చూడనివ్వలేదు. ఒకవేళ ప్రాణం పోతే ఇంటివాళ్ళు కడగడానికి కూడా వీల్లేదని, ఆ పని ఆస్పత్రి వాళ్ళే చేస్తారని సాలెం నాతో చెప్పాడు. చెప్పి, నా ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

జూన్ 9, మంగళవారం. నాలుగు కావస్తుంటే చేతులు ఊరుకోలేదు. టబ్బు కడిగి, గీత దాకా నింపి, కుళాయి కట్టి, పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఏడవలేదు, ప్రార్థన చేయలేదు. ఊరికే కూర్చున్నాను.

నాలుగూ ఐదుకు నీళ్ళు గీత దాటాయి. మెల్లగా, ఎవరో జాగ్రత్తగా దిగుతున్నట్టు పెరిగాయి. కుళాయి కింద చెయ్యి పెట్టి చూశాను, చుక్క రాలేదు. వేళ్ళు ఆనించి కొలిచాను. నాలుగు.

గోడ గడియారం చూస్తూ ఉండిపోయాను. నాలుగూ ఇరవైకి నీళ్ళు మళ్ళీ గీత దగ్గరికి దిగాయి. అడుగున బిరడా పెట్టినది పెట్టినట్టే ఉంది. నేల తడవలేదు.

ఐదున్నరకు సాలెం ఫోన్ చేశాడు. ఆస్పత్రి కాగితం మీద మామా పోయిన వేళ నాలుగూ రెండు అని ఉంది.

ఆ తర్వాత ఏడు రోజులు అదే వేళకు టబ్బు నింపి కూర్చున్నాను. ఒక్కరోజు కూడా నీళ్ళు గీత దాటలేదు. గీత నేను సరిగా చూడలేదేమో, దుఃఖంలో కళ్ళు మోసం చేశాయేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ వేళ్ళతో కొలిచాను కదా.

ఖననం జరిగిన మూడోరోజు సాలెం వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. టీ పెట్టాను, తాగలేదు.

"మా అమ్మను ఎవరు కడిగారో కూడా నాకు తెలియదు సువార్తా," అన్నాడు.

చెప్పకూడదనుకున్నది అప్పుడు చెప్పేశాను, సగం అరబ్బీలో, సగం హిందీలో. నవ్వుతాడనుకున్నాను, లేదా కసురుతాడనుకున్నాను. టీ కప్పు పక్కకు జరిపి, ఒక్కమాట అడిగాడు.

"తల మీద నీళ్ళు పోశావా?"

"పోశాను బాబా. మూడు మగ్గులు."

తలగుడ్డ కొంగుతో ముఖం కప్పుకున్నాడు. నేను స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను.

నేను పోసిన మాట నిజమే. నీళ్ళు నాలుగు వేళ్ళు పెరిగి ఉన్నప్పుడు, ఆవిడ తల ఉండే చోట, అలవాటుగా పోశాను. అప్పుడు మగ్గు ఎందుకు తీశానో, ఆ నీళ్ళు ఎలా పెరిగాయో ఈనాటికీ చెప్పలేను. సాలెంకు చెప్పనిది ఒకటి ఉంది. నేను పోసిన ఆ మూడు మగ్గులూ నీళ్ళలో నీళ్ళు పడ్డట్టు కాదు, తల మీద పడ్డట్టు చప్పుడు చేశాయి.